నల్లమెట్ల మీద మోహన రాగం

 

ప్రతి ఏడూ ఈ సావనీర్‌లో మా తరగతి తరఫున ఒక పాఠం వేయడం ఆనవాయితీ. ఈసారి పాఠం ఒక పియానో విద్వాంసురాలి గురించి. ఆవిడ తెలుగావిడ కాదు, భారతదేశం ఎప్పుడూ చూసినట్టు కూడా ఎక్కడా చదవలేదు. "తెలుగు బడి పుస్తకంలో ఈ పాఠం ఏమిటండీ?" అని మీరు అడగబోయే ముందే, దీన్ని ఎందుకు ఎంచుకున్నామో చెప్పేస్తాం. అందులో మా తప్పు కూడా కొంత ఉంది.

బడి తెరిచిన రెండో వారంలో మూడో స్థాయి చదివే ఒక అమ్మాయి వాళ్ళ అమ్మగారు వచ్చి, "శనివారం పది గంటలకే పియానో క్లాసు పడిందండీ. ఆ టీచర్ దగ్గర వేరే టైము ఖాళీ లేదు. ఈ ఏడాదికి తెలుగు మానిపిస్తాం, ఏమీ అనుకోకండి" అన్నారు. ఇలాంటి మాట మాకు కొత్త కాదు. ఒకసారి సాకర్, ఒకసారి కుమాన్, ఒకసారి ఈత. ఆ రోజు మాత్రం ఎందుకో ఓపిక నశించి, "పియానో ఎక్కడైనా నేర్చుకోవచ్చు, తెలుగు ఇక్కడ తప్ప దొరకదు కదండీ. ఏది మనదో, ఏది కాదో మీరే ఆలోచించుకోండి" అని కాస్త గట్టిగానే అనేశాం. ఆవిడ ఏమీ అనలేదు. పక్కనే పుస్తకం పట్టుకుని నిలబడ్డ పిల్ల మాత్రం మా మొహం వంక, అమ్మ మొహం వంక మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత మూడు వారాలు ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.

మాలో ఒకరి ఆఫీసులో ఇథియోపియా నుంచి వచ్చిన మిత్రుడు ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే ఆయన నవ్వి, "మా చర్చిలో ఆదివారం అమ్హారిక్ తరగతి నడుపుతాం. మాదీ ఇదే గొడవ" అన్నాడు. మర్నాడు ఒక సీడీ తెచ్చి, "ఇది విని అప్పుడు చెప్పండి, పియానో ఎవరిదో" అని చేతిలో పెట్టాడు. ఆ సీడీలోని వాయింపే ఈ పాఠం.

ఎవరీ ఇమాహోయ్?

ఆమె పూర్తి పేరు ఇమాహోయ్ ట్సెగె మరియం గెబ్రు. "ఇమాహోయ్" అనేది ఇథియోపియాలో క్రైస్తవ సన్యాసినులను గౌరవంగా పిలిచే మాట, మనం "మాతాజీ" అన్నట్టు. తల్లిదండ్రులు పెట్టిన పేరు యెవుబ్దార్. 1923 డిసెంబరు 12న ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో, కలిగిన కుటుంబంలో పుట్టారు. తండ్రి పెద్ద చదువు చదివినవారు, గోండార్ నగరానికి మేయరుగా చేసినవారు.

ఆరేళ్ళ వయసులో ఆమెనూ, అక్క సెనెదునూ స్విట్జర్లాండులో హాస్టల్ బడికి పంపారు. పిల్లలూ, ఒక్కసారి ఆలోచించండి. ఒకటో తరగతి వయసు. అమ్మ దగ్గర లేదు, చుట్టూ మంచు, చుట్టూ తెలియని భాష. అక్కడే ఆమె మొదటిసారి పాశ్చాత్య సంగీతం విన్నారు, వయొలిన్ నేర్చుకున్నారు, పియానో ముందు కూర్చున్నారు. 1933లో ఇల్లు చేరారు. (అక్క సెనెదు తర్వాతి కాలంలో ఇథియోపియా పార్లమెంటుకు ఎన్నికైన తొలి మహిళ అయ్యారు.)

ఇల్లు చేరిన ఆనందం ఎంతో కాలం నిలవలేదు. 1935లో ముస్సోలినీ సైన్యం ఇథియోపియా మీద పడింది. 1937లో ఆ కుటుంబాన్ని ఖైదు చేసి, ఇటలీకి చెందిన అసినారా అనే దీవికి, అక్కణ్ణుంచి నేపుల్స్ దగ్గరి మెర్కొగ్లియానో అనే ఊరికి తరలించారు. ఆ యుద్ధంలో ఆమె తన కుటుంబంలో ముగ్గురిని పోగొట్టుకున్నారు.

యుద్ధం ముగిశాక ఆమె కైరో వెళ్ళి, అలెగ్జాండర్ కొంటొరోవిచ్ అనే పోలెండు దేశపు వయొలిన్ విద్వాంసుడి దగ్గర శిష్యురాలిగా చేరారు. అక్కడ సాధన రోజుకు తొమ్మిది గంటలు: నాలుగు గంటలు పియానో, ఐదు గంటలు వయొలిన్. మన ఇళ్ళల్లో అరగంట సాధనకే ఎన్ని బతిమాలడాలో తెలిసిన తల్లిదండ్రులు ఈ లెక్కను పిల్లలకు మరీ గట్టిగా చదివి వినిపించవద్దని మనవి. కైరో ఎండకు ఆరోగ్యం దెబ్బతిని ఆమె తిరిగి స్వదేశం చేరారు.

మూసుకున్న తలుపు

ఆ తర్వాత లండన్ వెళ్ళి సంగీతం చదివే అవకాశం వచ్చింది. పెట్టె సర్దుకోవడమే తరువాయి అనుకుంటుండగా, వెళ్ళడానికి అనుమతి దొరకలేదు. ఆమె అన్నం మానేశారు. పన్నెండు రోజులు కాఫీ తప్ప మరేమీ ముట్టలేదు. చివరి ప్రార్థనలు చేయించే దాకా వచ్చింది పరిస్థితి. ఆ సుస్తీ నుంచి లేచాక ఆమె మనసు పూర్తిగా దైవం వైపు మళ్ళింది. గిషెన్ మరియం అనే కొండ మీది మఠానికి వెళ్ళి సన్యాసం పుచ్చుకున్నారు. పేరు మారింది. పదేళ్ళు ఆ కొండ మీద, చెప్పులు లేకుండా, చిన్న గుడిసెలో బతికారు. అక్కడ పియానో లేదు.

పెద్దలు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తొమ్మిది గంటలు సాధన చేసిన చేతులు పదేళ్ళు ఖాళీగా ఉన్నాయి. మనలో చాలామందికి ఇలాంటి కథ చిన్న ఎత్తున ఉంటుంది. వీణ నేర్చుకుని పెళ్ళయ్యాక ఆపేసినవారు, కాలేజీలో నాటకాలు వేసి వీసా వచ్చాక మరిచిపోయినవారు, కవితలు రాసిన నోటుపుస్తకం అటక మీద వదిలి వచ్చినవారు. మా ఉపాధ్యాయుల గదిలోనే ఇద్దరున్నారు. ఇంజనీరింగ్ సీటు వచ్చిన రోజున మృదంగం మూలన పెట్టిన వ్యక్తి ఒకరు, ప్రస్తుతం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతూ బల్ల మీద ఆది తాళం వేసుకుంటూ ఉంటారు.

కొండ దిగి వచ్చాక ఆమె మళ్ళీ పియానో ముట్టుకున్నారు. 1960లలో గోండార్ నగరంలో ఉంటూ ఆరో శతాబ్దికి చెందిన సెయింట్ యారెద్ పేరున ఇథియోపియా చర్చిలో నడుస్తున్న గాన సంప్రదాయాన్ని అధ్యయనం చేశారు. చర్చి పాటలు నేర్చుకోవడానికి పల్లెల నుంచి వచ్చిన పేద విద్యార్థులు గూడు లేక చర్చి గుమ్మాల దగ్గరే పడుకోవడం చూశారు. వాళ్ళకు ఇవ్వడానికి తన దగ్గర డబ్బు లేదు. సంగీతం ఉంది. జర్మనీలో తన సొంత బాణీలు రికార్డు చేయించి, వచ్చిన సొమ్ము పేదలకూ అనాథలకూ పంచారు. ఆమె పియానో వాయించింది పేరు కోసం కాదు, పెద్ద వేదికలు ఎక్కిందీ లేదు.

1974లో చక్రవర్తి పదవీచ్యుతుడై సైనిక ప్రభుత్వం వచ్చింది. తల్లి పోయిన తర్వాత, 1984లో ఆమె దేశం వదిలి జెరూసలేంలోని ఇథియోపియా మఠానికి చేరారు. అక్కడ ఒక చిన్న గది, ఒక మంచం, ఒక పియానో. ఆ గదిలోనే మిగతా జీవితమంతా గడిపారు.

ఎనభై రెండేళ్ళకు తలుపు తెరుచుకుంది

2006లో, పాత ఇథియోపియా సంగీతాన్ని వెలికితీస్తున్న "ఎతియోపిక్స్" అనే ఫ్రెంచి సీడీల వరసలో 21వ సంపుటంగా ఆమె పియానో వాయింపు వచ్చింది. ఆ వరసను నడిపినవారు ఫ్రాన్సిస్ ఫాల్సెటో. అప్పటికి ఆమెకు 82 ఏళ్ళు. ఎన్నో దేశాలవాళ్ళు విని "ఎవరీమె? ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?" అని ఆశ్చర్యపోయారు. మాయా దునియెత్స్ అనే ఇజ్రాయెలీ పియానో విద్వాంసురాలు ఆమె గదికి వెళ్ళి పరిచయం చేసుకుంటే, కొంతకాలానికి ఇమాహోయ్ ప్లాస్టిక్ సంచుల నిండా చేత్తో రాసిన స్వరపత్రాలు ఆమె చేతిలో పెట్టారు. దశాబ్దాల పాటు రాసుకున్న కాగితాలవి. వాటిని సరిచూసి 2013లో పుస్తకంగా అచ్చు వేశారు. అదే ఏడు జెరూసలేంలో ఆమె సంగీతంతో కచేరీలు జరిగాయి. 2020లో వచ్చిన "టైమ్", 2021లో వచ్చిన "పాసింగ్" అనే అమెరికా సినిమాల్లో ఆమె వాయింపు వినిపించింది. 2023 మార్చిలో, 99వ ఏట, జెరూసలేంలోనే కన్నుమూశారు. ఆమె బాణీలు దాదాపు 150 ఉంటాయని అంటారు.

ప్లాస్టిక్ సంచుల సంగతి మమ్మల్ని చాలా సేపు ఆలోచింపజేసింది. ఎవరూ అడగకపోయినా ఆమె రాస్తూనే ఉన్నారు, పారేయకుండా దాస్తూనే ఉన్నారు. అడిగేవాళ్ళు వచ్చేనాటికి ఇవ్వడానికి సంచులు సిద్ధంగా ఉన్నాయి.

ఆ వాయింపులో ఏముంది?

మొదటిసారి వింటే "ఇది షోపాన్ కదా" అనిపిస్తుంది. ఎడమ చెయ్యి మెత్తగా ఊగుతూ ఉంటుంది, ఉయ్యాల లాగా. కాసేపటికి "కాదేమో" అనిపిస్తుంది. కుడి చెయ్యి వాయించే పాట మన చెవికి ఎక్కడో విన్నట్టుంటుంది. మూడు విషయాలు గమనించండి.

ఒకటి, తాళం. ఆమె వాయింపులో చాలా చోట్ల తాళం గడియారంలా నడవదు. ఒక మాట అని, ఆగి, ఊపిరి పీల్చుకుని, తర్వాతి మాట అన్నట్టు ఉంటుంది. మనవాళ్ళు రాగాలాపన చేసేటప్పుడు తాళం లేకుండా, మనసు ఎక్కడ నిలిస్తే అక్కడ నిలిచి పాడతారు కదా, అలాగ.

రెండు, గమకం. పియానోకి గమకం రాదు. వీణ తీగను పక్కకు లాగితే స్వరం వంగుతుంది, పియానో మెట్టును ఎంత నొక్కినా ఆ స్వరం అక్కడే ఉంటుంది. ఆమె ఏం చేశారంటే, అసలు స్వరం మీద వాలే ముందు పక్క స్వరాలను చటుక్కున తాకి వచ్చారు. పిట్ట కొమ్మ మీద వాలే ముందు రెక్కలు రెండుసార్లు కొట్టినట్టు. గొంతులో పలికే వణుకును, ఇథియోపియాలో క్రార్ అనే తీగవాయిద్యం మీద పలికే మీటును, వంగని పియానో మీద అలా పలికించారు.

మూడు, స్వరాలు. అసలు పాఠం ఇక్కడే ఉంది. ఇథియోపియా సంగీతంలో రాగాల వంటివి నాలుగు ముఖ్యమైనవి ఉన్నాయి: తిజిత, బాతి, అంబాసెల్, అంచిహోయె. అన్నీ ఐదు స్వరాలవే. మనం వీటిని ఔడవ రాగాలు అంటాం. తిజితలో ఒక రకానికి స్వరాలు ఏమిటో తెలుసా? స రి గ ప ద. అంటే అచ్చంగా మన మోహన రాగం స్వరాలు! బాతిలో ఒక రకానికి స గ మ ప ని, మన శుద్ధధన్యాసి స్వరాలు.

స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటే అనుకోకూడదు. అక్షరాలు ఒకటే అయినా మాటలు వేరైనట్టు, వాళ్ళ నడక వేరు, మన నడక వేరు. అయినా బంధువుల ముక్కు పోలిక కనిపించినప్పుడు కలిగే సంతోషం ఉంటుంది చూడండి, అది కలుగుతుంది.

చేసి చూద్దాం

ఇంట్లో పియానో గాని, కీబోర్డు గాని ఉన్న పిల్లలు ఇది చేయండి. (అమ్మానాన్నల ఆఫీసు కీబోర్డు పనికిరాదు.)

1. పియానోకు 88 మెట్లు. అందులో 52 తెల్లవి, 36 నల్లవి. నల్లమెట్లు రెండు ఒక జట్టు, మూడు ఒక జట్టుగా ఉంటాయి.

2. మూడు నల్లమెట్ల జట్టులో మొదటిదాన్ని "స" అనుకోండి. పక్క రెండూ "రి", "గ". తర్వాతి జట్టులోని రెండూ "ప", "ద". మళ్ళీ మూడింటి జట్టులో మొదటిది పై "స". తెల్లమెట్టు ముట్టకుండా వరసగా వాయించండి. అదే మోహన! కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు వరవీణా గీతాన్ని దీని మీద ప్రయత్నించవచ్చు.

3. ఇప్పుడు ఇందాక "ద" అన్న మెట్టునే "స" అనుకుని, అక్కణ్ణుంచి నల్లమెట్లే వరసగా వాయించండి. మెట్లు అవే, రాగం మారిపోతుంది. అది శుద్ధధన్యాసి. దీన్ని మన సంగీతంలో గ్రహభేదం అంటారు.

4. ఇప్పుడు ఎడమ చేతిని ఊరికే "స" మీద, "ప" మీద మార్చి మార్చి ఆనించండి. కుడి చేత్తో మీకు తోచింది వాయించండి. తొందర వద్దు. నల్లమెట్ల మీద ఉన్నంతసేపు ఏ రెండూ పెద్దగా దెబ్బలాడుకోవు.

గుణింతాలు అక్కడా ఉన్నాయి

ఇమాహోయ్ మాతృభాష అమ్హారిక్. దాని లిపి పేరు ఫిదెల్. అందులో 33 మూల అక్షరాలు, ఒక్కోదానికి ఏడు రూపాలు. "ల"కు సుమారుగా ల, లు, లి, లా, లే, ల్, లో అని వరస. చూశారా, మన గుణింతమే! "మనకి మాత్రమే ఎందుకు ఇన్ని గుణింతాలు?" అని ప్రతి ఏడూ అడిగే పిల్లలకు ఇదీ జవాబు. అడిస్ అబాబా పిల్లలు కూడా ఇలాగే వల్లె వేస్తారు. మన దేశం నుంచి ఎందరో ఉపాధ్యాయులు ఒకప్పుడు ఇథియోపియా బడుల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. అక్కడి పిల్లల పలకల మీద ఈ వరసలు చూసినప్పుడు వాళ్ళకు ఏమనిపించి ఉంటుందో!

వాయిద్యం ఎవరిది, పాట ఎవరిది?

ఇప్పుడు మా తప్పు దగ్గరకు వద్దాం. "ఏది మనదో, ఏది కాదో" అన్నాం కదా. వయొలిన్ ఎవరిది? ఐరోపా వాళ్ళది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఇంగ్లీషు బ్యాండువాళ్ళ దగ్గర నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. మనవాళ్ళు దాన్ని నిలబడి భుజం మీద పెట్టుకోకుండా, కింద మఠం వేసుకు కూర్చుని, కొస పాదం మీద ఆనించి, గమకాలు పలికించారు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని (1893–1964) "ఫిడేలు నాయుడు గారు" అనే జనం పిలుచుకున్నారు. ఇవాళ వయొలిన్ లేని కచేరీ ఊహించగలమా? దాన్ని పరాయిది అనే ధైర్యం ఎవరికుంది?

ఇమాహోయ్ చేసిందీ అదే. పరాయి ఊళ్ళో, పరాయి గురువుల దగ్గర నేర్చుకున్న వాయిద్యం మీద తన ఊరి పాట పెట్టారు. ఆమె బాణీల పేర్లు తెలుగులో చెప్పుకుంటే "తల్లి ప్రేమ", "ఇంటి మీద బెంగ", "గూడు లేని బాటసారి", "సముద్రపు పాట". ఈ పేర్లు అర్థం కావడానికి మనకు నిఘంటువు అక్కర్లేదు. తిజిత అనే మాటకు అర్థం కూడా జ్ఞాపకం, పోయినదాని మీద బెంగ. ఆమె పోయిన మరుసటి ఏడు, 2024లో, పాత కాసెట్ల మీద ఇంట్లో తనే పాడి దాచుకున్న అమ్హారిక్ పాటలు ఆల్బంగా వచ్చాయి. దాని పేరు "సువెనీర్స్". ఫ్రెంచిలో జ్ఞాపకాలు అని. మీ చేతిలో ఉన్న ఈ పుస్తకాన్ని కూడా మనం ఆ మాటతోనే పిలుస్తున్నాం.

అయితే ఒక సంగతి మరవకూడదు. ఆమెకు పాట ఉంది కాబట్టే పియానో మీద పెట్టగలిగారు. పెట్టడానికి లోపల ఏమీ లేకపోతే ఎంత మంచి వాయిద్యమైనా నేర్పినంత వరకే పలుకుతుంది. కాబట్టి తెలుగు బడి అక్కర్లేదని ఈ పాఠం చెప్పడం లేదు. పియానో, తెలుగు పోట్లాడుకోవాల్సిన పని లేదని చెబుతోంది.

ఆ అమ్మాయి వాళ్ళ అమ్మగారికి ఫోను చేసి, అలా అనకుండా ఉండాల్సింది అని ఒప్పుకున్నాం. ఆదివారం సాయంత్రం అరగంట మాలో ఒకరం ఫోను మీద పాఠం చెబుతున్నాం. శనివారం కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, పియానో టీచరు గారి దగ్గర టైము ఇప్పటికీ దొరకలేదు. నల్లమెట్ల సంగతి చెప్పిన వారానికే ఆ పిల్ల వరవీణా గీతం వెతుక్కుని పట్టేసింది. తెనాలిలో ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్‌లో వినిపిస్తే, ఆవిడ అటునుంచి గొంతు కలిపి పాడారట. పిల్ల "మీనింగ్ ఏంటి అమ్మమ్మా?" అంటే, "అది సంస్కృతమే తల్లీ, ఆగు, నీకు తెలుగులో చెప్తా" అని నలభై నిమిషాలు చెప్పారట. మా అరగంట పాఠం కన్నా అది పది నిమిషాలు ఎక్కువ.

వార్షికోత్సవంలో ఆ పాప వాయింపు మూడో అంశం. అందరూ తప్పక రండి.

కొత్త మాటలు

ఔడవం – ఐదు స్వరాల రాగం
గమకం – స్వరాన్ని వంచి, ఊపి పలికించడం
గ్రహభేదం – ఆధార స్వరాన్ని మార్చి, అవే స్వరాలతో వేరే రాగం రాబట్టడం
మెట్టు – హార్మోనియం, పియానోల మీద వేలితో నొక్కే పలక
ఆనవాయితీ – ఎప్పటినుంచో వస్తున్న అలవాటు

ప్రశ్నలు

1. ఇమాహోయ్ మొదటి రికార్డు ఎందుకు చేయించారు? రెండు వాక్యాలలో రాయండి.
2. పియానో మీద గమకం ఎందుకు పలకదు? దానికి ఆమె ఏ ఉపాయం చేశారు?
3. మీ ఇంట్లో పెద్దలు చిన్నప్పుడు నేర్చుకుని ఆపేసిన విద్య ఏదైనా ఉందా? అడిగి తెలుసుకుని, తెలుగులో ఐదు వాక్యాలు రాసి తీసుకురండి. వీలైతే, వాళ్ళ చేత ఒక్కసారి మళ్ళీ చేయించండి.

(మూడో ప్రశ్నకు మార్కులు ఎక్కువ.)